గ్యాసుకు దహనమా?

సందేహం: మా అమ్మాయి సైన్సు పుస్తకంలో ‘హైడ్రోకార్బన్ ఇంధనాలు దహనం చెందుతాయి’ అని ఉంది. హైడ్రోకార్బన్లంటే వంటగ్యాసులాంటివట. ఇంధనమంటే కట్టెలు కదా, గ్యాసును అలా అనవచ్చా? ‘దహనం చెందు’ సాధువేనా? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: నిక్షేపంగా అనవచ్చునమ్మా. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠంలో ‘ఞిఇన్ధీ దీప్తౌ’ అని ఉంది, అంటే ‘ఇంధ్’ ధాతువుకు వెలగడం అని అర్థం. దేనివల్ల నిప్పు వెలుగుతుందో అది ఇంధనం. కట్టె ఊసు అందులో లేదు. అమరకోశం రాసిన అమరసింహుడి కాలంలో పొయ్యిలోకి దొరికేవి కట్టెలు కనుక ఇంధనం, ఏధం, ఇధ్మం, సమిత్తు ఒక్క వరసలో పెట్టాడు. అన్నీ ఆ ధాతువు సంతానమే. గీతలో ‘యథైధాంసి సమిద్ధోఽగ్నిః’ అన్నచోట కాలే కట్టెకూ, రగిలిన అగ్నికీ ఇదే మూలం.

ఈ కుటుంబం గ్రీసు దాకా పాకింది. మండడాన్ని చెప్పే ‘ఐథో’ అక్కడి తోబుట్టువు. దాన్నుంచి పై ఆకాశానికి ‘ఐథేర్’ అన్న పేరు. పద్దెనిమిదో శతాబ్దంలో, ఇట్టే ఎగిరిపోయే ఒక ద్రవానికి ఆ పేరే ‘ఈథర్’ అని అంటించారు. ఈథర్‌లోంచి 1834లో జర్మన్ రసాయనశాస్త్రవేత్త లీబిగ్ ‘ఇథైల్’ అన్న పేరు తీశాడు, ఇథైల్ నుంచి ‘ఈథేన్’ వచ్చింది. సాధారణంగా సహజవాయువులో మీథేన్ తరవాత ఎక్కువగా ఉండేది ఇదే. మీరు కాదంటున్న గ్యాసు పేరులోనే ‘ఇంధనం’ దాక్కుని ఉంది, చూశారా!

‘దహనం’ దగ్గరే చిక్కు. ‘దహ భస్మీకరణే’ అన్నారు, అంటే బూడిద చేయడం. లంకాదహనానికి సరిపోయింది. మరి గ్యాసు బండలోని ప్రొపేన్? దాని అణువు ఒకటి అయిదు ఆక్సిజన్ అణువులతో కలిసి మండితే మూడు కార్బన్ డయాక్సైడ్, నాలుగు నీటి అణువులు వస్తాయి. బూడిద ఏదీ? చన్నీళ్ళ గిన్నె పొయ్యి మీద పెట్టగానే అడుగున పట్టే చెమ్మ ఆ నీళ్ళే. గాలి చాలకపోతే మంట పసుపురంగుకు తిరిగి గిన్నె మసిబారుతుంది, కంటికి కనపడని కార్బన్ మోనాక్సైడూ పుడుతుంది. మసి బూడిద కాదు, కాలక మిగిలిన కార్బన్. ఆ పసుపు వెలుగు కూడా కాగిన మసి రేణువులదే. కాబట్టి ధాతుపాఠం చెప్పిన ‘దీప్తి’ ఆముదపు దీపానికి నప్పినంతగా స్టవ్ నీలిమంటకు నప్పదు. ఇది నా చాదస్తం అనుకున్నా సరే.

ఆక్సిజన్‌తో కలిసి వేడినిచ్చే చర్యకు శాస్త్రంలో దహనం రూఢి అయిపోయింది, దాన్ని కదపలేం. నాకు ఒళ్ళు మండేది ఆ ‘చెందు’ చూసే. ‘మండు’, ‘కాలు’, ‘రగులు’ అని మూడు ముచ్చటైన క్రియలుండగా, మంచి క్రియను నామం చేసి దానికి ‘చెందు’ తగిలించడం ఏం సరదా? మంట కనపడితే మండు, కనపడకపోయినా కాలు, రాజుకునేటప్పుడు రగులు. ధరలు మండడం, కడుపు కాలడం లక్షణార్థాలు, అంటే అసలు అర్థం నుంచి పక్కకు జరిగిన వాడుకలు.

అలాగని ‘దహనం చెందు’ తప్పని కొట్టెయ్యలేను. ‘మరణం చెందు’కు లేని అభ్యంతరం దీనికేమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు. ఇంట్లో గ్యాసు మండుతుందనే అనండి. అమ్మాయిని మాత్రం పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టే రాయమనండి, మార్కులు వేసేది నేను కాదు.