వార్డులో ప్రార్థన ఆపించారన్న ప్రశ్నకు

పాస్టర్ గారూ, గుంటూరులో ఒక ఆసుపత్రి వార్డులో మీరు ప్రార్థన మొదలుపెడితే పక్క బెడ్డు వాళ్లు అభ్యంతరం చెప్పారనీ, నర్సు ఆపేసిందనీ రాశారు. ఈ సేవకు శిక్షణ ఎక్కడని అడిగారు. నర్సు చేసింది సరైన పనేనండీ. చాప్లిన్ అంటే ఆసుపత్రిలో రోగుల ఆదరణకు ఉండే పాస్టర్; ఆయన అసలు పని రోగి మాట వినడం. "కాసేపు కూర్చోమంటారా?" అని అడగండి. వద్దంటే నవ్వుతూ లేచి రండి. ప్రార్థన రోగి కోరితేనే, అదీ మెల్లగా. అక్కడ విన్నది సంఘంలో ప్రార్థన మనవిగా కూడా చెప్పకూడదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

శిక్షణకు వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి చాప్లిన్సీ విభాగంలో క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్ గురించి, అంటే రోగుల మధ్యే ఉంటూ ఈ సేవ నేర్చుకునే శిక్షణ గురించి, అడగండి. 1925లో అమెరికాలో ఆంటన్ బాయిసన్ అనే పాస్టర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. రోగితో జరిగిన సంభాషణను ఉన్నదున్నట్టు రాసుకొచ్చి, తోటివాళ్ల ముందు, సూపర్‌వైజర్ ముందు పెట్టాలి. అమెరికాలో ఈ శిక్షణలో ఒక్క యూనిట్‌కే, అంటే ఒక విడతకే, వందల గంటలు పడుతుంది. ఈలోగా, వార్డుకు వెళ్లగానే ముందు ఆ నర్సుకే చెప్పి లోపలికి వెళ్లండి.