ముప్పై గుంటల కుంటకు 3 లక్షల పూడికతీత: ఎఫ్‌డీ విరవాలా?

ప్రశ్న: మాది జనగామ జిల్లా. మూడెకరాల చెలక, దాని పక్కనే మా మామగారు తవ్వించిన 30 గుంటల కుంట ఉంది. ఇరవై ఏళ్లుగా పూడిక తీయలేదు. సంక్రాంతికే ఎండిపోతోంది. మా ఆయన ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి నిరుడు 60 నిండి రిటైరయ్యారు. వచ్చిన 9 లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి. నెలకు 4 వేల పైచిలుకు పింఛను. రెండేళ్లలో చిన్నమ్మాయి పెళ్లి. దానికి ఓ చీటీ కడుతున్నాం, ఇంకో 3 లక్షలు కావాలి. మట్టి తవ్వే ఇటాచీ యంత్రం ఆయన వచ్చి చూసి నాలుగడుగుల పూడిక ఉందన్నాడు. గంటకు 2 వేల చొప్పున 60 గంటలు, ట్రిప్పుకు 150 చొప్పున 1,300 ట్రాక్టర్ ట్రిప్పులు, మొత్తం 3,15,000. చేపలు వేస్తే ఏడాదికి 4 లక్షలు మిగులుతాయట. మా ఆయన రేపే ఎఫ్‌డీ తీసేద్దామంటున్నారు. ఏం చేయమంటారు? నా పేరు వేయకండి.

జవాబు: అమ్మా, పేరు వద్దన్నారు కాబట్టి ఇలాగే పిలుస్తాను.

ముందు ఇటాచీ ఆయన లెక్క చూశాను. తవ్వకం లెక్కలో మోసం లేదు. 30 గుంటలంటే 32,670 చదరపు అడుగులు. నాలుగడుగులు తీస్తే లక్షా 30 వేల ఘనపుటడుగుల మట్టి. ట్రాలీకి వంద ఘనపుటడుగులు పడితే 1,300 ట్రిప్పులే. చేపల లెక్క మాత్రం ఆయనది కాదు, ఎక్కడో విన్నది. కిలో వంద చొప్పున 4 లక్షలంటే 4 టన్నుల చేప. కైకలూరు వైపు, కాలువ నీళ్లుండి, వెదురు గెడలకు మేత సంచులు కట్టి రోజూ తవుడు, చెక్క పెట్టే ఆసాములకే ముప్పై గుంటల్లో అంత చేప గగనం. తీసినా అది అమ్మకం, మిగులు కాదు.

మీ కుంటది వాననీరు. జూలై, ఆగస్టులో నిండుతుంది, పూడిక తీశాక మార్చి దాకా ఉంటుందనుకుందాం. చేతిలో ఎనిమిది నెలలు. వేలెడు చేప పిల్లలు వేస్తే ఆ గడువులో తూకం రాదు. నూరు గ్రాముల పైబడిన పిల్లలు 1,500 వేయాలి: బొచ్చె, శీలావతి, కొన్ని బంగారు తీగలు. వాటిలో 1,200 దక్కి, తలా 800 గ్రాములు తూగితే 960 కిలోలు. పిల్లలకు 16 వేలు, తవుడు, వేరుశనగ చెక్కకు 50 వేలు, సున్నం, పేడ, వల కూలీ కలిపి ఇంకో 14 వేలు. ఖర్చు 80 వేలు. మొత్తం ఒకేసారి గట్టు మీద వ్యాపారికి కిలో వంద చొప్పున తోలేస్తే 96 వేలు. మిగిలేది 16 వేలు.

మూడు లక్షల పదిహేను వేలు పెట్టి ఏడాదికి 16 వేలు. పెట్టుబడి తిరిగి రావడానికి దాదాపు 20 ఏళ్లు, ఈలోగా కుంట మళ్లీ పూడుతుంది. అదే డబ్బు ఎఫ్‌డీలో 6.5 శాతానికి ఊరికే కూర్చున్నా ఏడాదికి 20 వేలిస్తుంది.

అలాగని కుంట మానేయమనడం లేదు. అందులో రెండు అంకెలు మార్చొచ్చు.

మొదటిది ట్రాక్టర్ల అంకె. మీ అంచనాలో తవ్వకానికి లక్షా 20 వేలు, మట్టి మోయడానికి లక్షా 95 వేలు. అంటే మీరు పెట్టే డబ్బులో ఎక్కువ భాగం మట్టిని దూరంగా పారేయడానికే. అది పారేసే మట్టి కాదు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు మీ చుట్టుపక్కల చెరువుల్లో ఏం జరిగిందో గుర్తుందా? తవ్వకం ఖర్చు సర్కారుది, ఒండ్రును పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. ఎర్ర చెలకలో ఆ నల్లమట్టి పడితే తేమ నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుందని రైతులే ట్రాక్టర్లు తెచ్చుకున్నారు. మీరూ అదే చేయండి. మట్టి ఉచితం, ట్రాక్టర్ మీది అని ఊళ్లో చెప్పండి. మీ మూడెకరాలకు ఎకరాకు 50 ట్రాలీల చొప్పున 150, కట్ట బలపరచడానికి ఇంకో 50. ఈ 200 ట్రిప్పుల ఖర్చు 30 వేలు మీది, మిగతాది ఇరుగుపొరుగుది. పొలానికి తోలే ముందు ఒక డబ్బాలో ఆ మట్టి తీసుకెళ్లి భూసార పరీక్ష చేయించండి, చౌడు ఉంటే వద్దు. ఎవరైనా ఇటుకబట్టీకి కొంటామని వస్తే ఆశపడకండి. మట్టి అమ్మకమంటే గనుల శాఖ అనుమతి, ఆ తలనొప్పి వేరు.

గంటలు కూడా తగ్గించవచ్చు. కుంటంతా ఒకే లోతు అక్కర్లేదు. కట్ట వైపు, తూము దగ్గర లోతుగా తీసి, ఎగువ వైపు ఏటవాలుగా వదిలేస్తే 45 గంటల పని. అది 90 వేలు. తూముకు జాలీ, నీళ్లు లోపలికి వచ్చే చోట పూడిక ఆగే గుంత, వీటికి 15 వేలు. మొత్తం లక్షా 35 వేలు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఎంత లోతు తీయాలన్నది డబ్బు కంటే పెద్ద విషయం. మా మేనమామ కుంటలో ఇదే పని జరిగింది. నల్లమట్టి అయిపోయింది, దాని కింద జిగట మట్టి కూడా అయిపోయింది. బకెట్ పళ్లు గరగరమని చప్పుడు చేశాయి, తెల్లటి మొరం తేలింది. "ఇంకో రెండడుగులు తీస్తే మంచి లోతొస్తది" అన్నాడు డ్రైవర్. తీయించాడు. శ్రావణంలో కుంట నిండింది. మామ కట్ట కింద వేప పుల్ల గుచ్చి గీతలు పెట్టాడు. రోజుకు నాలుగు వేళ్లు దిగింది. దీపావళికి అడుగున మిగిలిన మడుగులో చేప పిల్లలు కొట్టుకుంటుంటే ఊళ్లో పోరగాళ్లు బిందెల్లో ఎత్తుకుపోయారు. ఆ జిగట పొరే కుంటకు అడుగు. దాన్ని తవ్వేస్తే చిల్లు పెట్టినట్టే. ఇటాచీకి గంటల లెక్కన డబ్బులిస్తాం కదా, ఆపమని చెప్పేవాడు అక్కడ మీ ఇంటి మనిషే ఉండాలి.

రెండో అంకె అమ్మకం ధర. జనవరి మొదటి నుంచి వారానికోసారి విసురు వలతో 50 కిలోలు తీసి ఆదివారం పొద్దున గట్టు మీదే కిలో 140కి అమ్మండి. బతికున్న చేపకు ఊళ్లో ఆ ధర పెద్దది కాదు. పన్నెండు ఆదివారాల్లో 600 కిలోలు, 84 వేలు. మిగతా 360 కిలోలు చివర్లో వ్యాపారికి, 36 వేలు. మొత్తం లక్షా 20 వేలు, మిగులు 40 వేలు. మృగశిర కార్తెకు ధర ఇంకా బాగుంటుంది, కానీ జూన్ దాకా మీ కుంటలో నీళ్లుండవు. ఆ ఆశ పెట్టుకోకండి. మబ్బు పట్టిన రోజు తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు తగ్గి చేపలు నోళ్లు తెరిచి పైకి తేలితే మోటార్ వేసి నీళ్లు చిమ్మించాలి. ఆ పొద్దున నిద్ర లేవలేకపోతే పంట మొత్తం పోవచ్చు. దొంగ వలల సంగతి మీకు నేను చెప్పాలా? కుంట ఇంటికి ఎంత దూరమో మీరు రాయలేదు. కిలోమీటరు దాటితే ఈ 40 వేలల్లోంచి కావలి ఖర్చు తీసేయండి.

ఇప్పుడు 9 లక్షలు. పెళ్లికి 3 లక్షలు, అమ్మాయి పెళ్లి నెలకు గడువు తీరే ఎఫ్‌డీలో, ఎవరడిగినా కదపకుండా. 4 లక్షలు మీ ఆయన పేరున పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో. ఇది రాస్తున్న నాటికి వడ్డీ 8.2 శాతం, అంటే మూడు నెలలకోసారి 8,200. పింఛనుకు అది తోడు. కుంటకు లక్షా 35 వేలు. మిగిలిన 65 వేలు ఆసుపత్రికో మరో దానికో సేవింగ్స్ ఖాతాలో ఉండనివ్వండి.

చేప పిల్లలకు, మేతకు 80 వేలు ఎక్కడివి అంటారా? చాలామంది చిక్కుకునేది ఇక్కడే. ఉన్నదంతా తవ్వకానికి పెట్టి, మేతకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. అంటే ఏడాదికి 24 శాతం, ఆ మిగులులో సగం వడ్డీకే. బంగారం కుదువ పెట్టడమూ వద్దు. కిసాన్ క్రెడిట్ కార్డు 2019 నుంచి చేపల పెంపకానికీ ఇస్తున్నారు. 2 లక్షల దాకా వడ్డీ 7 శాతం, గడువులో కడితే 3 శాతం తగ్గింపు. 80 వేలకు ఏడాదికి 3,200 పడుతుంది. గడువు తప్పితే ఆ తగ్గింపు పోతుంది. ఆఖరి వల డబ్బు నేరుగా బ్యాంకుకే వెళ్లాలి.

సబ్సిడీ గురించి మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు చెప్తారు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సాధారణ వర్గానికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం. దరఖాస్తు మీ పేరున పెడితే మంచిది. మీ కుంట ఏ పద్దు కిందికి వస్తుందో జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి, మంజూరు కాగితం చేతికొచ్చాకే పని మొదలుపెట్టండి. తవ్విన తర్వాత దరఖాస్తు పెట్టి చెప్పులరిగేలా తిరిగేవాళ్లను చూశాను. పై లెక్కలో ఆ డబ్బు నేను వేయలేదు, మీరూ వేయకండి. వెళ్లేటప్పుడు పట్టా కాగితాలు తీసుకెళ్లండి. కుంట మీ సర్వే నంబరులోనే ఉందా, రికార్డులో ప్రభుత్వ కుంటగా రాసి ఉందా అన్నది ముందే చూసుకోవాలి. అది సర్కారుదని తేలితే ఈ ఉత్తరమంతా చించేయండి.

చిన్న మాట: చేపల మీద వచ్చేది వరి, పత్తి డబ్బులాగా వ్యవసాయ ఆదాయం కిందికి రాదు, వ్యాపార ఆదాయమే. మీ స్థాయికి పన్ను పడదు. అయినా ఆదివారం అమ్మకాలు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే వచ్చే ఏడు బ్యాంకులో లిమిట్ పెంచమనడానికి పనికొస్తుంది. త్వరగా పెరుగుతుందని ఎవరైనా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లలు అంటగడితే తీసుకోకండి, మన దేశంలో దాన్ని నిషేధించారు.

మీ ఆయనకు నా మాటగా చెప్పండి: ఎఫ్‌డీ ఈ నెల విరవొద్దు, ఇటాచీకి అడ్వాన్స్ ఇవ్వొద్దు. కుంట ఎండగానే ఇద్దరు కూలీలను పెట్టి గడ్డపారతో ఐదు చోట్ల గుంతలు తీయించండి. ఒక్కో చోట నల్ల పూడిక ఎన్ని అడుగులు, కింద జిగట మట్టి ఎంత మందం, మొరం ఎక్కడ తగిలిందో టేపుతో కొలిచి రాయండి. ఒక గుంతలో సాయంత్రం నీళ్లు నింపి పొద్దున ఎంత దిగిందో చూడండి. ఖర్చు ఒక రోజు కూలీ. ఆ ఐదు కొలతలూ నాకు పంపితే 45 గంటలు కావాలా, 30తోనే సరిపోతుందా అన్నది అప్పుడు లెక్కేద్దాం.