ముందు నీళ్లు, చివర్న పాళీ

చిరంజీవి అమ్మలుకి,

పెద్దనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసుకుని చూశాను. మూడు పెన్నులూ మళ్లీ రాయించదగ్గవే. పాలిష్ పెట్టి రుద్దనా, పాళీలు మార్చనా అని అడిగావు. రెండూ వద్దు. ప్రస్తుతానికి దేన్నీ విప్పకు కూడా. ఏళ్ల తరబడి పెట్టెలో పడి ఉండి పాడైన పెన్నులకంటే, చేతికొచ్చిన రోజే ఉత్సాహం పట్టలేక ప్లయర్‌తో తిప్పి విరగ్గొట్టినవే నేను ఎక్కువ చూశాను. పొరపాటు జరిగినా సరిదిద్దుకోగలిగిన పనులు ముందు చెయ్యి. ఒకసారి చేస్తే మళ్లీ వెనక్కి రాని పనులు చివరికి అట్టిపెట్టు.

మొదట ఏ పెన్ను దేనితో చేశారో తెలుసుకోవాలి. ఆ నల్ల పెన్ను ఒకవైపు గోధుమరంగుకి తిరిగింది కదా, అది ఎబొనైట్. గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరన్నమాట. వెలుతురు తగిలి అలా వెలిసింది. దాన్ని నీళ్లలో నానబెట్టావంటే మిగిలిన నలుపు కూడా పోతుంది. పొడి గుడ్డతో తుడిచి ఊరుకో, పాళీ వరకే నీళ్లలో ముంచు. చారల పెన్ను సెల్యులాయిడ్. దానికి చల్లటి నీళ్లతో భయం లేదు గానీ స్పిరిట్, నెయిల్ పాలిష్ రిమూవర్ తగిలితే కరుగుతుంది. మంట దగ్గరికి తెస్తే భగ్గున అంటుకుంటుంది. ముందుముందు కేసీన్‌తో చేసిన పెన్ను కూడా నీకు తారసపడొచ్చు. అది పాలలోని ప్రొటీన్‌తో చేసే ప్లాస్టిక్, నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. ఏదో తేల్చుకోలేనప్పుడు దాన్ని నీళ్లకి పడని పెన్నుగానే చూసుకో.

మూడోది, పాళీ కొస తప్ప ఏమీ బయటికి కనిపించనిది, పార్కర్ 51. 1941లో బజారులోకి వచ్చింది. నీ పెన్నులో వెనక గొట్టం విప్పితే లోపల రేకు తొడుగు, దానికో నొక్కుడు పట్టీ ఉన్నాయి కాబట్టి అది 1948లో మొదలైన ఏరోమెట్రిక్ రకం. పని దీనితోనే మొదలుపెట్టు. దాని లోపలి గొట్టం లేటెక్స్ రబ్బరు కాదు, అంత తొందరగా చెడిపోదు. చాలావాటిలో అప్పటి గొట్టమే ఇంకా పనిచేస్తోంది. పాళీని చల్లటి నీళ్లలో ముంచి పట్టీ నొక్కి వదులు, నీళ్లు పీల్చుకుంటాయి. మళ్లీ నొక్కి కక్కించు. మొదట నీలంగా చిక్కటి నీళ్లొస్తాయి, కాసేపటికి తేటబడతాయి. అయిపోయిందనుకుని ఆపేయకు. ఈ పెన్నుకి పాళీ వెనకాల పల్చటి రెక్కలున్న కలెక్టర్ ఉంటుంది, ఎండిన ఇంకంతా ఆ సందుల్లో దాక్కుంటుంది. రాత్రంతా పాళీ వైపు నీళ్లలో నిలబెట్టి పొద్దున చూడు, గ్లాసు అడుగున మళ్లీ నీలం దిగి ఉంటుంది. నీళ్లు తేటగా మిగిలేదాకా రోజూ అదే పని. ఎంతకీ వదలకపోతే పదివంతుల నీళ్లలో ఒక వంతు అమ్మోనియా, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి కొద్దిసేపు పట్టించి, మంచినీళ్లతో బాగా కడుగు. కిటికీ తీసి ఉంచుకో. బ్లీచింగ్‌తో మాత్రం ఎన్నడూ కలపకు, విషవాయువు పుడుతుంది. వేడినీళ్లు ఏ పెన్నుకీ వద్దు.

ఇప్పుడు చారల పెన్ను సంగతి. పక్కన ఇంకు నింపే చిన్న లీవర్ ఉంది కదా, దాన్ని ఎత్తి చూడాలని చెయ్యి లాగుతుంది, ఎత్తకు. లోపలి రబ్బరు గొట్టం ఎండి పెంకులా గట్టిపడి ఉంటుంది. బలవంతాన ఎత్తితే లీవరైనా వంగుతుంది, పెన్ను గోడైనా పగులుతుంది. ముందు పాళీ ఉన్న ముందుభాగాన్ని, అంటే సెక్షన్‌ని, ఊడదీయాలి. హెయిర్ డ్రయర్‌ని దూరంగా పట్టి, పెన్నుని తిప్పుతూ, అతుకు దగ్గర చెయ్యి ఓర్చుకునేంత వేడి చెయ్యి. తర్వాత రబ్బరు ముక్కతో పట్టుకుని అటూ ఇటూ మెల్లగా ఆడించి చూడు. రాకపోతే మళ్లీ వేడి చెయ్యి, మళ్లీ ఆడించు. ఆ రోజుకి కదలకపోతే పక్కన పెట్టి మర్నాడు చూడు. నీ బలంతో కాదు, లోపల అంటించిన పాత లక్క (షెల్లాక్) మెత్తబడితేనే ఊడుతుంది. మరలున్నదయితే తిప్పాలి, లేనిదయితే లాగాలి. ఆ తేడా తెలియకుండా జోరు చూపించకు.

ఊడాక లోపలి రబ్బరు పెంకులన్నీ దులుపు. సెక్షన్ వెనక మొన మీద అంటుకున్న పాతదాన్ని గోటితో గీకు. కొత్త గొట్టం ఆ మొనకి బిగుతుగా పట్టాలి, పెన్నులోకి మాత్రం రాసుకోకుండా పోవాలి. ఈ గొట్టాల నంబర్లు అంగుళంలో అరవై నాలుగో వంతుల లెక్క. 16 నంబరంటే పావు అంగుళం వెడల్పు. పొడవు ఎక్కువైతే లోపల మడతపడుతుంది, అందుకని కొలిచి కత్తిరించు. అంటించడానికి లక్కే వాడు. సూపర్ గ్లూ ముట్టుకోకు, రేపు మరొకరు దీన్ని విప్పాలంటే దారి ఉండదు. రాత్రంతా ఆరనిచ్చి, గొట్టానికి వాసన లేని టాల్క్ పొడి పూసి బిగించు. నింపేటప్పుడు పాళీ మొత్తం ఇంకులో మునగాలి. లీవర్ వదిలాక పది లెక్కపెట్టేదాకా బయటికి తీయకు, గొట్టం ఉబ్బడానికి ఆ మాత్రం సమయం కావాలి. పెన్నులు ఇంకు పీల్చడం లేదని విసుక్కునేవాళ్లలో చాలామంది తొందరపడి బయటికి తీసేసేవాళ్లే.

పాళీ గురించి నువ్వు ఎక్కువ టెన్షన్ పడుతున్నావు. బంగారు పాళీ తుప్పు పట్టదు. దానిమీద 14 కేరట్ అనో 585 అనో ఉంటుంది. వెయ్యిలో 585 వంతులు బంగారమని అర్థం. బంగారం మెత్తన, అందుకే కాగితానికి ఆనే మొనకి ఆస్మియం, ఇరిడియం జాతి గట్టి లోహపు బొడిపె అతుకుతారు. ఆ బొడిపె ఉన్నంతకాలమే పాళీకి ఆయుష్షు. గరుకుగా రాస్తోందనగానే సాండ్‌పేపర్ అందుకునేవాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పదింతలు పెద్దగా చూపే భూతద్దం కొనుక్కుని మొనని ఎదురుగా పెట్టి చూడు. పాళీ చీలికకి అటూ ఇటూ ఉన్న రెండు రెక్కల్లో ఒకటి వెంట్రుకవాసి పైకి లేచి ఉంటుంది. గీరుకోవడానికి చాలాసార్లు కారణం అదే, అరగదీస్తే పోయేది కాదు. పైకున్న రెక్కని బొటనవేలి గోటితో మెత్తగా కిందికి నొక్కి, రాసి, మళ్లీ చూడు. రెండూ సమంగా ఉండి కూడా గరుకుగా ఉంటే అప్పుడు 12000 నంబరు మైక్రోమెష్ (చాలా నున్నగా రుద్దే పట్టీ) మీద చుక్క నీళ్లు వేసి, బరువు మోపకుండా నాలుగైదు సున్నాలు చుట్టి ఆపు. అరిగిపోయిన బొడిపెని ఇంట్లో తిరిగి పెట్టుకోలేం. ఇంకొక మాట. ఆ మొన పాత యజమాని చేతివాటానికి తగ్గట్టు అరిగి ఉంటుంది. పెన్నుని వేళ్ల మధ్య కొద్దిగా అటూ ఇటూ తిప్పి రాసి చూస్తే సాఫీగా జారే కోణం దొరుకుతుంది. పాళీని నీకోసం అరగదీయడం కంటే, నీ పట్టు మార్చుకోవడం నాకిష్టం.

ఇంకుల విషయంలో కొత్త రంగుల మోజు కొన్నాళ్లు ఆపుకో. మెరుపులు కలిపినవి, చిక్కటి ఊదా, ఎరుపు రంగులు పాత పెన్నులకి పెట్టకు, లేత రంగు సెల్యులాయిడ్‌కి మరక పడితే పోదు. వాటర్‌మన్ నీలం, పెలికన్ 4001, క్వింక్ వంటి సాదా ఇంకులు చాలు, నీళ్లతో కడిగితే వదులుతాయి. బొమ్మలు గీసే ఇండియన్ ఇంకు మాత్రం చస్తే వద్దు, ఎండితే పెన్ను లోపల రాయిలా గడ్డకడుతుంది. ఐరన్ గాల్ ఇంకు గాలి తగిలేకొద్దీ కాగితం మీద నల్లబడి నీళ్లకి చెదరకుండా నిలుస్తుంది, దస్తావేజులకి మంచిది. కాకపోతే ఆమ్లం ఉంటుంది గనుక స్టీలు పాళీని తినేస్తుంది. బంగారు పాళీ తట్టుకుంటుంది గానీ పెన్నులో ఎండనివ్వకూడదు. రెండు ఇంకులు కలపొద్దు, అడుగున మడ్డి కట్టొచ్చు. సీసా మూత తీయగానే ముక్కవాసన వచ్చినా, పైన తెట్టు కట్టినా పారబోయి.

ఇక రాయడం. బాల్ పెన్ను అలవాటుతో నొక్కకు. ఇంకు చీలిక వెంట తనంతట తనే దిగుతుంది, పెన్ను బరువు చాలు. సగం ఖాళీ అయ్యాక ఇంకు కక్కితే పెన్ను చెడిందనుకోకు. చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి ఇంకుని తోస్తుంది. నింపుకుంటే సరిపోతుంది. పాత మూతలు అంచు దగ్గర పగులుతాయి కాబట్టి రాసేటప్పుడు వెనక బిగించకు. వారం పైన వాడకపోతే కడిగి ఆరబెట్టు.

నల్ల పెన్ను మూత అంచున సన్నగీత లాంటిది ఫోటోలో కనిపించింది. అది గీతో పగులో వెలుతురులో తిప్పి చూసి, దగ్గరగా ఒక ఫోటో తీసి పంపు. అది తేలేదాకా ఆ మూత బిగించి పెట్టకు. చారల పెన్ను సెక్షన్ వెనక మొన వెడల్పు కూడా స్కేలుతో కొలిచి రాయి, గొట్టం నేను పంపిస్తాను.

మీ పెద్దనాన్న