"అదే ఆపేస్తుందిలే" అనే ధీమా ఎంతవరకు?

ప్రశ్న: మావారు ఆరు నెలల కిందట కొత్త కారు కొన్నారు. ముందు ఏదైనా అడ్డొస్తే దానంతటదే బ్రేకు వేస్తుందట. అప్పటి నుంచి ఆయన నడిపే తీరే మారిపోయింది. ముందు బండికి అంటుకున్నట్టు వెళ్తారు, ఏమైనా అంటే "అదే ఆపేస్తుందిలే" అంటారు. పోయిన నెల విజయవాడ నుంచి వస్తుంటే రాత్రి పదకొండింటికి హైవే మీద ఒక లారీ లైట్లు లేకుండా ఆగి ఉంది. కారు కనీసం కూత కూడా పెట్టలేదు. చివరి క్షణంలో ఆయనే చూసి పక్కకు తిప్పారు. సర్వీస్ సెంటర్లో చూపిస్తే అన్నీ బాగానే ఉన్నాయన్నారు. మరి లోపం ఎక్కడుంది?
- ఒక సోదరి, సూర్యాపేట

జవాబు: వాళ్లు చెప్పింది నిజమే అయి ఉండొచ్చమ్మా. ఏ లోపమూ లేని కారు కూడా ఆ లారీ విషయంలో అలాగే ఊరుకునే అవకాశం ఉంది.

దానంతటదే బ్రేకు వేసే ఈ ఏర్పాటును ఎమర్జెన్సీ బ్రేకింగ్ అంటారు. చాలా కార్లలో ఈ పని చేసేవి రెండు: అద్దం వెనక ఒక కెమెరా, ముందు బంపర్ దగ్గర ఒక రాడార్. కదిలే బండి ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా దగ్గరవుతోందో రాడార్ బాగా చెబుతుంది. చిక్కల్లా ఆగి ఉన్న వాటితోనే. రోడ్డు పక్క స్తంభాలు, రెయిలింగు, పైన సైన్‌బోర్డులు, వంతెనలు, ఇవన్నీ కూడా ఆగి ఉన్నవే కదా, అన్నిటి నుంచీ రాడార్‌కు సిగ్నల్ తిరిగొస్తుంది. ప్రతిదానికీ బ్రేకు వేస్తే కారు ఊరు దాటదు. అందుకని వేగంగా వెళ్తున్నప్పుడు ఆగి ఉన్న వస్తువు గురించి రాడార్ ఒక్కటే చెబితే చాలా సిస్టమ్‌లు నమ్మవు, అది బండేనని కెమెరా కూడా ఒప్పుకోవాలి. చీకట్లో, టెయిల్ ల్యాంపు లేని, రిఫ్లెక్టర్ల మీద మట్టి పేరుకున్న లారీని కెమెరా ఎప్పుడు గుర్తుపడుతుంది? మన హెడ్‌లైట్ వెలుగు దాని మీద పడ్డాకే.

అప్పటికి సమయం మించిపోతుంది. వంద కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 28 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉండి బ్రేకు పూర్తిగా తొక్కినా ఆగడానికి సుమారు 50 మీటర్లు కావాలి. అదే 120లో అయితే 70 దాటుతుంది, వాన పడితే ఇంకా పెరుగుతుంది. కంప్యూటర్ మనకంటే త్వరగా తొక్కగలదు, అంతే. టైరుకు, రోడ్డుకు మధ్య పట్టును అది పెంచలేదు. అరిగిన టైర్లతో తిరిగేవాళ్లకు ఈ ఫీచర్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అనిపిస్తుంది నాకు.

అమెరికాలో ట్రిపుల్ ఏ అనే వాహనదారుల సంఘం 2022లో టెస్ట్ ట్రాక్ మీద నాలుగు కార్లతో పరీక్షించింది. ఆగి ఉన్న నకిలీ కారు వైపు గంటకు 48 కిలోమీటర్లతో వెళ్తే 20 సార్లలో 17 సార్లు గుద్దకుండా ఆగాయి. వేగం 64కి పెంచేసరికి 20లో ఆరుసార్లే. కూడలిలో అడ్డంగా వచ్చే కారు విషయంలో ఒక్కసారి కూడా ఆగలేదు. 64 అంటే మన హైవే మీద నెమ్మది వేగం, గమనించండి.

మనుషుల విషయం ఇంకా సున్నితం. అక్కడ బీమా కంపెనీల నిధులతో రోడ్డు భద్రతపై పరిశోధన చేసే ఐఐహెచ్ఎస్ సంస్థ లెక్కల ప్రకారం పాదచారులను గుర్తించే బ్రేకింగ్ ఉన్న కార్లు వాళ్లను గుద్దే ప్రమాదాలు 27 శాతం తక్కువ. కానీ వీధి దీపాలు లేని చీకట్లో ఆ తేడా కనిపించలేదు. 2025లో అదే సంస్థ చెప్పిన ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. రాత్రిపూట మెరిసే పట్టీలున్న దుస్తులు వేసిన బొమ్మను నిలబెడితే, పరీక్షించిన మూడు కార్లలో రెండు దాన్ని చాలాసార్లు గుద్దేశాయి! మన కళ్లకు బాగా కనిపించడానికి వేసుకున్న పట్టీలే కెమెరాను తికమక పెట్టాయన్నమాట. రోడ్డు పనివాళ్లు, ట్రాఫిక్ పోలీసులు వేసుకునేది అవే.

ఇక మన రోడ్ల సంగతి. లారీ వెనక నుంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు, రోడ్డంతా ఆక్రమించిన వరిగడ్డి ట్రాక్టరు, చీకట్లో అడ్డంగా పడుకున్న గేదె, రాంగ్ రూట్లో వచ్చే బైకు. వీటిని కచ్చితంగా గుర్తుపడుతుందని ఏ కంపెనీ రాసివ్వదు. మీవారిని ఓనర్ మాన్యువల్ తీసి ఆ అధ్యాయం ఒక్కటి చదవమనండి, పని చేయని సందర్భాల జాబితా పేజీలకు పేజీలు ఉంటుంది. డ్రైవర్ యాక్సిలరేటర్ గట్టిగా నొక్కినా, స్టీరింగ్ తిప్పినా "ఈయన చూసుకుంటున్నాడులే" అనుకుని చాలా సిస్టమ్‌లు తప్పుకుంటాయని కూడా అందులో ఉంటుంది.

అలాగని పనికిరాదనడం లేదు. ఇది ఉన్న కార్లు ముందు బండిని వెనక నుంచి గుద్దే ప్రమాదాలు దాదాపు సగానికి తగ్గాయని అదే ఐఐహెచ్ఎస్ చెబుతోంది. సిటీ ట్రాఫిక్‌లో ఒక్క క్షణం చూపు పక్కకు పోయినప్పుడు ఆదుకుంటుంది. హైవే మీద మాత్రం ముందు బండి ఏదైనా స్తంభం దాటాక మెల్లగా మూడు లెక్కపెట్టి, ఆ తర్వాతే మనం దాటేంత దూరం ఉంచమనండి. (అన్నట్టు, ఫ్రెండును ఎదురుగా నిలబెట్టి వీడియో తీసే ప్రయోగాలు దయచేసి వద్దు.)

ప్రశ్న: మాది దీనికి పూర్తిగా వ్యతిరేక సమస్య. ఖాళీ ఫ్రీవే మీద, పైవంతెన నీడ రాగానే కారు ఉన్నట్టుండి బ్రేకు వేస్తోంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మ వెనక సీట్లో ఉంటే మరీ టెన్షన్. ఆఫ్ చేసేయనా? 2029లో కొత్త రూల్ వస్తుందట, అప్పుడే ఇంకో కారు కొనడం మంచిదా?
- ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: సూర్యాపేట కారు పామును చూసి తాడనుకుంది, మీది తాడును చూసి పామనుకుంటోంది. అనుమానం తగ్గిస్తే మొదటిది, పెంచితే రెండోది, ఇంజినీర్ల అవస్థంతా ఇక్కడే. ఇది మీ ఒక్కరికే కాదు, టెస్లా మోడల్ 3, మోడల్ వై కార్ల మీద ఇలాంటి ఫిర్యాదులు 354 వచ్చాక అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ 2022 ఫిబ్రవరిలో విచారణ మొదలుపెట్టింది. ముందు ఇది క్రూజ్ కంట్రోల్ (పెట్టిన వేగాన్ని కారే కొనసాగించే ఏర్పాటు) వేసినప్పుడే వస్తోందా చూడండి. అలాగైతే ఆ చోట క్రూజ్ ఆపండి, ఎమర్జెన్సీ బ్రేకింగ్ జోలికి పోకండి. ఎక్కడ, ఎన్నింటికి జరిగిందో రాసుకుని డీలర్‌కూ, ఆ సంస్థకూ ఫిర్యాదు ఇవ్వండి.

2024 ఏప్రిల్‌లో ఖరారైన నిబంధన ప్రకారం 2029 సెప్టెంబరు నుంచి అక్కడి కొత్త కార్లు గంటకు 62 మైళ్ల వరకు ముందు బండిని తాకకుండా ఆగాలి, చీకట్లో కూడా మనుషులను గుర్తించాలి. అంతవరకు ఆగాలా వద్దా అన్నది మీ పాత కారు ఓపికను బట్టి.

ప్రశ్న: రాయి తగిలి ముందు అద్దం మార్పించాను. అప్పటి నుంచి హెచ్చరికలు సరిగా రావడం లేదు.
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అద్దం మార్చాక కెమెరాను మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి, అంటే సరైన కోణంలో చూసేలా సరిచేయాలి, బయట షాపులో మార్పిస్తే చాలాసార్లు ఇదే వదిలేస్తారు. బిల్లులో ఆ పని ఉందో లేదో చూడండి. అద్దం పైభాగంలో స్టిక్కర్ ఉంటే తీసేయండి, ముందు ఇనుప గార్డ్ బిగించి ఉంటే అది కూడా.