నడుము నొప్పికి పిలాటీస్ చేయొచ్చా?

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. రెండేళ్లుగా నడుము నొప్పి ఉంది. ఎక్స్‌రే చూసి వెన్నుపూసలు అరిగాయన్నారు. ఈమధ్య మెట్లు దిగుతుంటే తూలినట్టవుతోంది. పిలాటీస్ అనే వ్యాయామాలు చేస్తే రెండూ తగ్గుతాయని స్నేహితురాలు అంటోంది. వంగితే అరుగుదల ఇంకా పెరుగుతుందేమోనని భయం. చేయొచ్చా డాక్టరుగారూ?

జవాబు: చేయొచ్చమ్మా. ముందు ఆ భయం తీసేయండి. మీ వయసులో ఏ నొప్పీ లేనివారి ఎక్స్‌రేలోనూ అరుగుదల కనిపిస్తుంది. కదలకుండా కూర్చుంటేనే కండరాలు నీరసించి నొప్పి మొండికేస్తుంది. 3 నెలలు దాటిన నడుము నొప్పికి విశ్రాంతి కన్నా వ్యాయామమే మేలు.

పిలాటీస్‌లో పొట్ట లోపలి పొరలో నడుముకు పట్టీలా ఉండే కండరాన్ని, వెన్నును అంటిపెట్టుకున్న చిన్న కండరాలను నెమ్మదిగా, శ్వాసతో కలిపి పనిచేయిస్తారు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, ఊపిరి వదులుతూ తుంటిని పైకి లేపి మెల్లగా దించడం మంచి ఆరంభం. చేతులు, మోకాళ్ల మీద ఉండి కుడిచేయి, ఎడమకాలు చాచడం ఆ తర్వాత. వారానికి రెండు మూడుసార్లు చొప్పున కనీసం రెండు నెలలు చేస్తే గానీ తేడా తెలియదు. మిగతా వ్యాయామాల కన్నా ఇది గొప్పదని చెప్పలేను. నడకైనా, ఈతైనా మీరు మానకుండా చేసేదే మీకు మంచిది.

బ్యాలెన్స్ సంగతి వేరు. పడుకుని చేసేవాటితోనే అది కుదరదు. గోడ పక్కన నిలబడి, అవసరమైతే చేయి ఆనించుకుంటూ ఒంటికాలిపై కాసేపు నిలబడటం రోజూ సాధన చేయండి. అయితే తూలడానికి బీపీ మందులు, షుగర్, బీ12 లోపం, చెవి సమస్య, చూపు మందగించడం కూడా కారణం కావచ్చు. ముందు వాటి గురించి మీ డాక్టరుకు చూపించుకోండి.

ఒక్క విషయం మాత్రం మరచిపోవద్దు. నెలసరి ఆగాక ఎముకలు గుల్లబారవచ్చు. అలాంటప్పుడు పడుకుని వెన్నును ముందుకు చుట్టుకుంటూ లేచే వ్యాయామాలు చేస్తే వెన్నుపూస విరిగే ప్రమాదం ఉంది. పిలాటీస్‌లో ఇవి చాలానే ఉంటాయి. అందుకే ఎముకల గట్టిదనం తెలిపే డెక్సా స్కాన్ చేయించుకోవాలా అని డాక్టరును అడిగి, ఫలితాన్ని నేర్పేవారికి ముందే చెప్పండి. వీలైతే ఫిజియోథెరపిస్ట్ దగ్గరే మొదలుపెట్టండి.

వ్యాయామం తర్వాత కండరాలు కాస్త పట్టేసినా ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. నొప్పి కాలిలోకి దిగితే ఆపేసి డాక్టరును కలవండి. కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం, మలం మీద అదుపు పోయినా ఆలస్యం చేయకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.