బోర్డర్ షుగర్‌కి అన్నం మానేసి ఓట్స్ చార్టు పెట్టాలా?

అమలాపురంలో ఉండే మీ నాన్నగారికి 58 ఏళ్లు, 70 కిలోల బరువు, హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 6.1. ఇంకా మందులేవీ మొదలుపెట్టలేదు. అన్నం మాన్పించి ఓట్స్, క్వినోవా చార్టు పెట్టాలా అని అడిగారు. వద్దండి. అది 5.7 నుంచి 6.4 వరకు ఉంటే ప్రీడయాబెటిస్ (బోర్డర్ షుగర్) అంటారు, తిండి సర్దుకుంటే చాలామందికి తగ్గే దశ. వంటింట్లో లేని సరుకులతో రాసిన చార్టు నాలుగు రోజుల ముచ్చటే. మధ్యాహ్నం ఓట్స్‌తో సరిపెట్టుకున్న మనిషి నాలుగింటికి జంతికల డబ్బా మూత తీస్తాడు.

ముందు రైస్ కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పు చూడండి. 180 మిల్లీలీటర్లది. తలకొట్టి పోస్తే దాదాపు 150 గ్రాముల బియ్యం, వండితే 400 గ్రాముల దాకా అన్నం. మన ఇళ్లలో చాలాచోట్ల మనిషికి పూటకో కప్పు పోసేస్తారు. ఆయనకి ఆ ఒక్క కప్పే రెండు పూటలకీ రావాలి. మొదటి వారం వండిన అన్నాన్ని కాటాలో తూచి పెట్టండి, తర్వాత కంటికే తెలిసిపోతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన లెక్క రోజుకి 2000 క్యాలరీలకి: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పళ్లు 100, పాలు 300 మిల్లీలీటర్లు, వేరుశనగ, నువ్వుల్లాంటి గింజలు 35, నూనె 27. ఆ 250లోనే టిఫిన్ ఇడ్లీ రవ్వా, సాయంత్రం అటుకులూ ఉన్నాయి. కూర్చుని పనిచేసే ఆ వయసుకి 200 చాలు.

బియ్యం విషయంలో మనకో వెసులుబాటుంది. మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకం గ్లైసీమిక్ ఇండెక్స్‌లో (తిన్నది షుగర్‌ని ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే కొలతలో) తక్కువ వైపే ఉంటుంది. అలాగని రెండు కప్పులు వండకండి.

ఎక్కువమంది బోల్తా పడేది కూరల దగ్గర. కంద బచ్చలి కూర, అరటికాయ వేపుడు, చేమదుంపల పులుసు ఆ 400 గ్రాముల్లోకి రావు. కంద, పెండలం, చేమ, అరటికాయ పిండిపదార్థాలే, అవి వండిన పూట అన్నం ఒక గరిటె తగ్గించాలి. బీర, ఆనపకాయ, దొండ, పొట్ల, గోంగూర, తోటకూర ఎంతైనా పెట్టండి. ముందు కూర, పప్పు సగం తిన్నాక అన్నం కలిపితే షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది.

ప్రోటీన్ కిలోకి 0.83 గ్రాముల చొప్పున ఆయనకి 58 గ్రాములు. రెండు పెసరట్లకి పట్టే 50 గ్రాముల పెసల్లో 12, 30 గ్రాముల కందిపప్పులో 6, గుడ్డులో 6, వంద గ్రాముల శీలావతిలో 18, పాలూ పెరుగులో 10, బియ్యంలో 11. సరిపోయింది. పెసరట్టు మీద ఉప్మా మాత్రం ఆదివారానికి ఉంచండి. కార్తీకమాసంలో చేపా గుడ్డూ ఆగిపోతే 60 గ్రాముల బొబ్బర్లు, 30 గ్రాముల వేరుశనగలు ఆ లోటు పూడుస్తాయి. పులస దొరికిన రోజు ముక్క ఎక్కువైనా పర్లేదు. ఆ పులుసుకి అన్నం రెండింతలవుతుంది, తంటా అక్కడే.

నూనె 27 గ్రాములంటే నెలకి మనిషికి 900 మిల్లీలీటర్లలోపు. నలుగురికి మూడున్నర లీటర్లు. కోనసీమలో దాన్ని పాటించినా కొబ్బరి ముంచేస్తుంది: పచ్చికొబ్బరి బరువులో మూడోవంతు కొవ్వే. కూరలో కొబ్బరి పడిన రోజు పచ్చడిలో మానండి. గేదెపాలయితే మీగడ తీసేయండి.

అన్నం బదులు నాలుగు చపాతీలంటే 130 గ్రాముల పిండి, ఏమీ తగ్గలేదు. రాగిజావ కూడా అంతే. మెత్తటి పిండి ఉడికి జారుగా ఉంటుంది కాబట్టి త్వరగా అరిగి షుగర్ ఎక్కిస్తుంది. రాగి కావాలంటే సంకటి చేసి పప్పుతో పెట్టండి.

గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర ఎప్పుడైనా మొదలైతే, డాక్టరుకి చెప్పకుండా అన్నం ఒక్కసారిగా కోసేయకండి, షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో ఎక్కువుంటే ఈ ప్రోటీన్ లెక్కా, రోజూ కొబ్బరినీళ్లూ రెండూ పనికిరావు.

వారానికి రెండు రోజులు, భోజనంలో మొదటి ముద్ద పెట్టినప్పటి నుంచి రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో చూసి, ఏం తిన్నారో పక్కనే రాయండి. 140 దాటిన పూటలు బయటపడతాయి. హెచ్‌బీఏ1సీ మాత్రం మూడు నెలలయ్యాకే చేయించండి, ఎర్రరక్తకణం ఆయుష్షు 120 రోజులు కాబట్టి ముందే చేయిస్తే పాత లెక్కే కనిపిస్తుంది.