మేస్త్రి గారూ, ఒక మాట: ఇటలీ చిన్న కారు క్రిస్లర్‌ను బతికించిందా?

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. మా నాన్నగారికి ప్రీమియర్ పద్మిని ఉండేది. ఊళ్లో అందరూ దాన్ని ఫియట్ కారనే అనేవారు. ఆ ఫియట్ వాళ్ల చిన్న కార్లే 2009లో దివాలా తీసిన అమెరికా క్రిస్లర్ కంపెనీని నిలబెట్టాయని మా అబ్బాయి వాదిస్తున్నాడు. బయటి నుంచి తెచ్చిన చిన్న కారుతో మునిగిపోతున్న కంపెనీ నిజంగా తేలుతుందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు నాన్నగారి బండికి నా నమస్కారం. స్టీరింగ్ పక్కనే గేరుండే ఆ పద్మినిలు ఆటోనగర్‌లో మా షెడ్డుకి వారానికి రెండైనా వచ్చేవి. నా ఎడమ చేతి మీద ఇప్పటికీ కనిపించే మచ్చ వాటిలో ఒకదాని రేడియేటర్ మూత పుణ్యమే. అయినా ఫియట్ అంటే నాకు ఇష్టం. ఆ ఇష్టాన్ని కాస్త తీసేసుకుని నా జవాబు చదవండి.

క్రిస్లర్ 2009 ఏప్రిల్ 30న దివాలా కోర్టుకెక్కి జూన్ 10న బయటపడింది. ఫియట్ ఒక్క డాలరు నగదు పెట్టకుండా 20 శాతం వాటా తీసుకుంది. బదులుగా ఇస్తానన్నది చిన్న కార్ల డిజైన్లు, చిన్న ఇంజన్లు. 2008 వేసవిలో అమెరికాలో గాలన్ పెట్రోలు నాలుగు డాలర్లు దాటి, పెద్ద బళ్లు కొనేవాళ్లు లేకుండా పోయారు. అందుకే చిన్న కారు అప్పట్లో అందరికీ సంజీవనిలా కనిపించింది.

ఆ సంజీవని పేరు ఫియట్ 500. మెక్సికోలోని తొలూకాలో తయారై 2011లో అమెరికా షోరూములకు చేరింది. దాన్ని అమ్మడానికి డీలర్లు 'స్టూడియో' అనే పేరుతో వేరే షోరూములు పెట్టుకోవాల్సి వచ్చింది. ఏడాదికి 50 వేలు అమ్ముతామన్నారు. మొదటి ఏడాది అమెరికాలో 20 వేలు కూడా పోలేదు. ఫియట్ వాళ్లదే అయిన ఆల్ఫా రోమియో చట్రం సాగదీసి చేసిన క్రిస్లర్ వాళ్ల డాడ్జ్ డార్ట్ 2012లో వచ్చి, 2016లోనే ఆగిపోయింది.

ఇప్పుడు మీ అబ్బాయికి ఒక తేదీ చూపించండి: 2011 మే 24. క్రిస్లర్ ప్రభుత్వ అప్పును గడువుకి ఆరేళ్ల ముందే తీర్చిన రోజది. కొత్త అప్పు తెచ్చి పాత అప్పు కట్టారని కొందరు ఎత్తిపొడిచారు, అందులో నిజమూ ఉంది. కానీ కొత్త అప్పు పుట్టాలన్నా నమ్మకం ఉండాలిగా! అప్పటికి ఫియట్ 500 రోడ్డెక్కి కొద్ది నెలలే అయింది. కాబట్టి కంపెనీని నిలబెట్టింది అది కాదు. పాత బాకీలు కోర్టులో కడిగేశారు, 789 మంది డీలర్లను తీసేశారు. క్రిస్లర్ వాళ్లదే అయిన జీప్ బ్రాండులో 2010లో వచ్చిన కొత్త గ్రాండ్ చెరోకీ బాగా అమ్ముడుపోయింది. ఆ జీపు అంతకుముందు క్రిస్లర్ బెంజ్ వాళ్ల చేతిలో ఉన్నప్పుడు గీసింది. ఫియట్‌కి దానితో సంబంధం లేదు.

చిన్న కారులో లాభం ఎందుకు మిగలదని మా షెడ్డు కుర్రాళ్లు కూడా అడిగేవారు. చిన్న కారుకీ నాలుగు చక్రాలే కదా. ఒక స్టీరింగ్, ఒక గేర్‌బాక్సు, ఒక ఏసీ. లైన్లో బిగించే మనిషికి పెద్ద పికప్‌కి పట్టే టైమే ఇంచుమించు దీనికీ పడుతుంది. అమ్మే ధర మాత్రం సగం. పైగా వేరే దేశం నుంచి రవాణా. క్రిస్లర్‌నీ ఫియట్‌నీ కలిపి నడిపిన సెర్జియో మార్కియోనే అయితే 2014లో బహిరంగంగానే చెప్పాడు, కరెంటుతో నడిచే 500 కారు దయచేసి కొనకండి, ఒక్కోటి అమ్మితే నాకు 14 వేల డాలర్లు పోతోందని. సొంత సరుకు కొనొద్దన్న వ్యాపారిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మరి ఇటలీ చిన్న కారు అసలు పనికే రాలేదా? వచ్చింది, వేషం మార్చుకుని. మిషిగన్‌లో ఉండే మా అల్లుడు 2016లో 'జీపు కొన్నాను మామయ్యా' అని ఫోన్ చేశాడు. తరవాత వెళ్లినప్పుడు అతను దాచి ఉంచిన, కొత్త బండి అద్దానికి అంటించే కాగితం చూశాను. పేరు జీప్ రెనెగేడ్. తయారైన చోటు ఇటలీలోని మెల్ఫి! అదే ఫ్యాక్టరీలో, అదే చట్రం మీద ఫియట్ 500ఎక్స్ కూడా తయారయ్యేది. ఆ ఏడాది అమెరికాలో రెనెగేడ్‌లు లక్షకు పైగా పోయాయి. 500ఎక్స్ అందులో అయిదో వంతుకి కూడా రాలేదు. ఒక తల్లి పిల్లలే, ఇంటిపేరే వేరు. మా అల్లుడికి ఈ సంగతి చెబితే 'అయితే నేను కొన్నది ఫియటా?' అని మొహం వేలాడేశాడు. మా అమ్మాయి ఇప్పటికీ దాన్ని మీ ఫియట్ అని ఏడిపిస్తుంది.

ప్రశ్న: మన మారుతి కూడా జపాన్ చిన్న కారుతోనే లేచింది కదా?
– ఇంకో పాఠకుడు, కరీంనగర్

జవాబు: లేచింది. సంజయ్ గాంధీ పెట్టిన పాత మారుతి మూతపడ్డాక ప్రభుత్వం 1981లో కొత్తగా మొదలుపెట్టి, 1982లో సుజుకిని 26 శాతం వాటాతో పిలిచింది. 1983 డిసెంబరు 14న మొదటి 800 బయటికొచ్చింది. కానీ ఇక్కడ ఎదురుగా ఉన్నవి అంబాసిడర్, పద్మిని. కారు కొనాలనుకున్నవాడు నిజంగానే చిన్నది, తక్కువ తాగేది కోరుకున్నాడు. అమెరికాలో పెట్రోలు రేటు దిగగానే కొనేవాడి మనసు పెద్ద బండి మీదకే పోతుంది.

ప్రశ్న: నా స్విఫ్ట్ డీజిల్లో ఉన్నది ఫియట్ ఇంజనేనట. 1 లక్ష 60 వేలు తిరిగింది. అమ్మేయమంటారా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: అవునమ్మా, ఆ 1.3 మల్టీజెట్ ఫియట్‌దే. బెల్టు కాదు, టైమింగ్ చైన్. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజన్‌లో గరగరమని శబ్దం వచ్చి ఒకట్రెండు క్షణాల్లో ఆగిపోతుంటే, ఆలస్యం చేయకుండా చైన్ చూపించండి. శబ్దం లేకపోతే ఆయిల్ టైముకి మారుస్తూ నడుపుకోండి.